సెయింట్ పాట్రిక్ పండగ భోజనం: కార్న్డ్ బీఫా, బేకన్ క్యాబేజీయా, మటన్ స్ట్యూయా?

మార్చి 17న, అంటే ఐర్లండ్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండగ రోజున, పదిపన్నెండు మందిని ఇంటికి పిలిచి ఐరిష్ భోజనం పెట్టాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది గిన్నెలో ఏ మాంసం పడాలన్నది. నెట్‌లో వెతికితే ఎక్కువగా కనబడేది కార్న్డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన బీఫ్), క్యాబేజీ. ఐర్లండ్‌లో పక్కింటి పెద్దావిడను అడిగితే బేకన్, క్యాబేజీ అంటుంది. మూడోది మటన్‌తో చేసే ఐరిష్ స్ట్యూ. నా ఓటు స్ట్యూకే, ముఖ్యంగా వచ్చేవాళ్లలో ఐరిష్ వాళ్లూ మనవాళ్లూ కలిసి ఉంటే. మిగతా రెండూ ఏం తక్కువ తిన్లేదు, వాటి సంగతి కూడా చెప్తాను.

కార్న్డ్ బీఫ్‌ని "అది అమెరికా వంట, అసలు ఐరిష్ కాదు" అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది. ఆ మాట నాకు నచ్చదు. 17, 18 శతాబ్దాల్లో ఐర్లండ్‌లోని కార్క్ రేవు నుంచి ఉప్పు పట్టించిన బీఫ్ పీపాలకు పీపాలు కరీబియన్ దీవులకూ యూరప్‌కూ వెళ్లేది. 1660ల్లో బతికున్న ఐరిష్ పశువులు తమ దేశానికి రాకుండా ఇంగ్లండ్ చట్టం చేశాక ఈ వ్యాపారం ఇంకా ఊపందుకుంది. పశువుల్ని మేపిందీ కోసిందీ ఉప్పు పట్టించిందీ ఐరిష్ వాళ్లే, కానీ ఆ మాంసం కొనుక్కుని తినే స్తోమత అక్కడి పేదలకు లేదు. 1845లో మొదలైన కరువు తర్వాత ఓడలెక్కి న్యూయార్క్ చేరినవాళ్లకు యూదుల మాంసం కొట్లలో బ్రిస్కెట్ (బీఫ్‌లో రొమ్ము భాగం) అందుబాటు ధరలో దొరికిందనీ, ఇంటి దగ్గర తిన్న బేకన్ బదులు దాన్నే క్యాబేజీతో ఉడికించుకున్నారనీ చెబుతారు. ఊరు విడిచిన వాళ్లు దొరికినదానితో పండగ చేసుకున్న వంట అది, నకిలీ అనడానికి నాకు నోరు రాదు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇదే సహజం, మార్చి వచ్చిందంటే సూపర్‌మార్కెట్లలో ఉప్పులో ఊరిన బ్రిస్కెట్ ప్యాకెట్లు సిద్ధంగా ఉంటాయి. రెండు కిలోల ముక్క సన్న సెగ మీద మూడు గంటల పైనే ఉడకాలి, ఉడికాక బాగా కుంచించుకుపోతుంది కాబట్టి కాస్త ఎక్కువే కొనాలి, పీచుకు అడ్డంగా కోయాలి, లేకపోతే నమల్లేరు.

బేకన్ అనగానే బ్రేక్‌ఫాస్ట్‌లో వేయించే పల్చటి ముక్కలు గుర్తొస్తాయి కదా, ఇది అది కాదు. పంది నడుము భాగమో భుజం భాగమో ఉప్పులో ఊరబెట్టి అమ్మే పెద్ద ముక్క. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, లేదా ఒకసారి మరిగించి ఆ నీళ్లు పారబోసి, అరకిలోకి అరగంట లెక్కన ఉడికిస్తారు. ఆఖర్లో క్యాబేజీని ఆ నీళ్లలోనే వేస్తారు, రుచంతా అక్కడే ఉంది. పైన వెన్న, మైదా, పాలు, పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు) కలిపిన తెల్లటి సాస్, పక్కన ఉడికించిన బంగాళదుంపలు. నలుగురైదుగురు తినే బల్లకి, అందరూ పోర్క్ తినేవాళ్లయితే దీన్ని మించింది లేదు. కానీ క్యాబేజీ కూడా పంది నీళ్లలో ఉడికింది కాబట్టి పోర్క్ తినని వాళ్లకు అదీ పనికిరాదు, ఇక వాళ్ల ప్లేట్లో మిగిలేది ఉత్త దుంపే. పైగా మాంసం కోయడం, సాస్ కలపడం, క్యాబేజీ దించడం అన్నీ చివరి పదిహేను నిమిషాల్లోనే పడతాయి. హాల్లో అందరూ కబుర్లలో ఉంటే వండేవాళ్లు ఒక్కరూ వంటింట్లో టెన్షన్ పడుతుంటారు.

స్ట్యూ విషయంలో ఈ గొడవలేవీ లేవు. డబ్లిన్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో బీఫ్ తినని వాళ్లున్నారు, హైదరాబాద్ నుంచి వచ్చి హలాల్ మాత్రమే తినేవాళ్లున్నారు, లాంబ్ (లేత గొర్రె మాంసం) అయితే మాంసం తినేవాళ్లలో దాదాపు అందరికీ సరిపోతుంది, హలాల్ కొట్లోనే కొంటే ఆ చిక్కూ తీరుతుంది. ఎముకతో ఉన్న మెడ, భుజం ముక్కలు తీసుకోండి, ఐర్లండ్‌లో జిగెట్ చాప్స్ అని అడిగితే ఇస్తారు. మెత్తటి కాలి మాంసం ఎక్కువ ధర పెట్టి కొని ఇందులో వేయడం దండగ, పులుసుకి చిక్కదనం వచ్చేది ఎముక నుంచే. పన్నెండు మందికి రెండున్నర కిలోల మాంసం, మూడు కిలోల దుంపలు, కిలో ఉల్లిపాయలు వేసుకోవచ్చు. క్యారెట్ వేయాలా వద్దా అని ఐరిష్ వాళ్లే పోట్లాడుకుంటారు, వేసినా పాపం లేదు, నేనైతే వేస్తాను, ఆ కాస్త తీపి బాగుంటుంది. దుంపల్లో సగం పల్చగా కోసి అడుగున వేస్తే అవి కరిగి పులుసు దానంతటదే చిక్కబడుతుంది, మైదా అక్కర్లేదు. మిగతా సగం పెద్ద ముక్కలుగా చివరి నలభై నిమిషాలకి వేయాలి. ఉప్పు, మిరియాలు, థైమ్ అనే వాసన ఆకు, దించాక పార్స్లీ, అంతే. మనవాళ్లకి చప్పగా ఉంటుందని అల్లంవెల్లుల్లి, గరంమసాలా వేయాలని చెయ్యి లాగుతుంది, దయచేసి ఆగండి. మసాలా పడితే అది మన మటన్ కూరే అయిపోతుంది, పిలిచింది ఐరిష్ భోజనానికి కదా. కారం కావాలన్నవాళ్లకి పక్కన ఆవకాయ పెట్టండి, ఎవరికి కావలసినట్టు వాళ్లు నంచుకుంటారు.

గిన్నిస్ (నల్లటి ఐరిష్ బీరు) పోసిన బీఫ్ స్ట్యూ కూడా ఉంది, రుచిలో అది వేరే లోకం, కానీ బీఫ్ సమస్య ఎలాగూ ఉంది, పిల్లలకి ఆ చేదు నచ్చకపోవచ్చు కూడా.

స్ట్యూలో నాకు అన్నిటికన్నా నచ్చేది ముందురోజే వండుకోవచ్చు. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి కొవ్వు పైకి గడ్డకడుతుంది, చెంచాతో తీసేసి మళ్లీ నెమ్మదిగా వేడిచేస్తే మొదటిరోజు కంటే రుచిగా ఉంటుంది. ముక్కలు విరగకూడదనుకుంటే పెద్ద దుంపల్ని మాత్రం పండగరోజే వేయండి.

శాకాహారులకి ఏదో ఒకటి పెట్టామన్నట్టు సలాడ్ పెట్టి వదిలేయకండి. కోల్‌కానన్ ఉంది, ఉడికించి మెదిపిన దుంపల్లో కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) గానీ క్యాబేజీ గానీ, వేడి పాలలో మగ్గించిన ఉల్లికాడలు కలిపి మధ్యలో గుంట చేసి వెన్న వేస్తారు. అక్కడ అది ముఖ్యంగా హాలోవీన్ వంట, అయినా మార్చి చలికి కూడా అంతే బాగుంటుంది. దుంపలు పొడిపొడిగా విరిగే రకం కావాలి, అక్కడ రూస్టర్, కెర్స్ పింక్ దొరుకుతాయి. వెన్న ధారాళంగా వేయండి, మొహమాటం వద్దు.

ఇక సోడా బ్రెడ్. మూడు వంటల్లో ఏది ఎంచుకున్నా ఇది ఉండాల్సిందే, గుడ్డు కూడా ఉండదు కాబట్టి అందరూ తింటారు. 450 గ్రాముల మైదా, టీచెంచాడు వంటసోడా, టీచెంచాడు ఉప్పు, 350 నుంచి 400 మిల్లీలీటర్ల మజ్జిగ (కొట్లో అమ్మే బటర్‌మిల్క్). మజ్జిగ దొరక్కపోతే పుల్లటి పెరుగు పల్చగా చేసుకుంటే చాలు, ఆ పులుపు వల్లే సోడా పొంగుతుంది. చపాతీ పిండిలా పిసకకూడదు, చేత్తో ఒకటి రెండుసార్లు కలిపి గుండ్రంగా చేసి పైన లోతుగా ప్లస్ గుర్తులా గాటు పెట్టి, 220 డిగ్రీల వేడిలో పావుగంట, తర్వాత 200కి తగ్గించి ఇంకో అరగంట. అడుగున తడితే బోలుగా మోగాలి. మజ్జిగ పోసిన నిమిషం నుంచే సోడా పని మొదలుపెడుతుంది, పిండిని పక్కన పెడితే పొంగు పోతుంది, అందుకే స్ట్యూ వేడి చేయడానికి స్టవ్ మీద పెట్టాకే పిండి కలిపి నేరుగా ఓవెన్‌లోకి తోయండి.