కోల్‌బేర్: వేషంలో మేలా, వేషం తీసేశాక మేలా?

అమెరికా లేట్ నైట్ షోల మాటెత్తితే స్టీఫెన్ కోల్‌బేర్ పేరు రాకుండా ఉండదు, కాకపోతే ఏ కోల్‌బేర్ అని అడగాలి, ఎందుకంటే ఒకే మనిషిలో ఉన్నది ఇద్దరు. ఒకరు 2005 అక్టోబర్ నుంచి 2014 డిసెంబర్ దాకా కామెడీ సెంట్రల్‌లో వారానికి నాలుగు రాత్రులు ‘ది కోల్‌బేర్ రిపోర్ట్’ నడిపిన యాంకర్. ఒంటినిండా పొగరు, పుస్తకం ముట్టడు, దేశభక్తి మీద పేటెంట్ తనదే అన్నట్టు మాట్లాడతాడు. పేరూ మొహమూ సొంతవే, మిగతాదంతా వేషం. ఇంకొకరు 2015 సెప్టెంబర్‌లో సీబీఎస్‌లో డేవిడ్ లెటర్‌మన్ ఖాళీ చేసిన ‘లేట్ షో’ కుర్చీలోకి వచ్చిన పెద్దమనిషి, ఈయన తన మాటలు తానే మాట్లాడతాడు. క్లిప్పులు చూసే టైమ్ కాస్తే ఉంటే ఎవరివి చూడాలి అంటే, నా ఓటు వేషానికే.

ఆ వేషానికి ముడిసరుకు కన్సర్వేటివ్ (సంప్రదాయవాద) ఛానెల్ ఫాక్స్ న్యూస్‌లో యాంకర్‌గా చేసిన బిల్ ఓ’రైలీ. ఓ’రైలీ రోజూ తన అభిప్రాయం చదువుతుంటే పక్కనే తెర మీద ముఖ్యాంశాలు అక్షరాల్లో పడేవి. కోల్‌బేర్ దీన్నే ఎత్తుకుని ‘ది వర్డ్’ అని ఒక సెగ్మెంట్ పెట్టాడు. తెర ఒక వైపు ఈయన కళ్ళెర్రజేసి దేశం మునిగిపోతోందని అరుస్తుంటాడు, రెండో వైపు పడే అక్షరాలు ఆయన వాక్యం పూర్తి కాకముందే ఆయన పరువు తీస్తుంటాయి. ఆ అక్షరాలు అక్కడున్నట్టే ఆయనకు తెలియదన్న నటన. ఇలాంటివి ఓ పది చూశాక అసలు టీవీ డిబేట్ పెడితే, ఆ పక్క అక్షరాలు మనమే మనసులో రాసుకోవడం మొదలెడతాం. లేట్ షో మోనోలాగ్ నాకెప్పుడూ ఆ పని చేసిపెట్టలేదు. అది ఆ రోజు వార్త మీద జోకులు, బాగానే ఉంటాయి, వారం తిరిగేసరికి చద్దివైపోతాయి.

ఇంటర్వ్యూల్లో అయితే తేడా ఇంకా తెలుస్తుంది. 2006లో జార్జియా రాష్ట్రం నుంచి అమెరికా పార్లమెంటుకు ఎన్నికైన లిన్ వెస్ట్‌మోర్లాండ్‌ని కోల్‌బేర్ కలిశాడు. బైబిల్లోని పది ఆజ్ఞలను పార్లమెంటు సభల్లో ప్రదర్శించాలన్న బిల్లుకు వెస్ట్‌మోర్లాండ్ సహ ప్రతిపాదకుడు. కోల్‌బేర్ భక్తిగా, అభిమానిలా మొహం పెట్టి, సరే ఆ పదీ చెప్పండి అన్నాడు. అన్నీనా అన్నట్టు చూసి, చంపకు, అబద్ధమాడకు, దొంగిలించకు అని మూడు చెప్పి ఆగిపోయాడాయన. ఇదే ప్రశ్న విలేకరి అడిగితే దాడి అంటారు, వేషం అడిగితే తప్పించుకునే దారి ఉండదు, ఎందుకంటే అడుగుతున్నవాడు మన పక్షమే కదా! లేట్ షోకి వచ్చే నాయకుడు ప్రచారానికి వస్తాడు, హోస్ట్ కూడా మర్యాదగా ఇద్దరు మనుషుల్లా కూర్చుని మాట్లాడిస్తాడు, ఇంక దొరికేదేముంది.

అయితే నా దృష్టిలో ఆ వేషం చేసిన అన్నిటికంటే పెద్ద పని 2011లో సొంతంగా ఒక సూపర్ పాక్ పెట్టడం, అంటే ఎన్నికల ప్రచారానికి పరిమితి లేకుండా విరాళాలు వసూలు చేసి ఖర్చుపెట్టే సంస్థ. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక ఎన్నికల్లో కంపెనీలు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు, అభ్యర్థితో నేరుగా మాట్లాడుకోకుండా ఉంటే చాలు. రూలు ఇంతే, కానీ అది ఎంత డొల్లో పేపర్లో ఎన్ని వ్యాసాలు చదివినా ఎక్కదు. కోల్‌బేర్ ఏం చేశాడంటే, ఎన్నికల కమిషన్‌కి ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన ట్రెవర్ పాటర్‌ని లాయర్‌గా పెట్టుకుని, షోలోనే కాగితాల మీద సంతకాలు చేస్తూ పోయాడు. దాతల పేర్లు బయటికి రాకూడదంటే ఎలా? ఇంకో కంపెనీ పెట్టు, డబ్బు అందులోంచి తిప్పు. నేనే పోటీ చేస్తే పాక్ ఏం చెయ్యాలి? వేరేవాళ్ళకి అప్పగించు. 2012 జనవరిలో, అదే ఛానెల్లో ‘ది డైలీ షో’ నడిపే జాన్ స్టీవర్ట్‌కి కెమెరా ముందే అప్పగించేశాడు, వ్యాపారంలో భాగస్వాములైనా చట్టం దృష్టిలో అది కుమ్మక్కు కాదని పాటర్ ధ్రువీకరించాడు కూడా. పది లక్షల డాలర్లు దాటి వసూలయ్యాయి. తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు పరిశీలిస్తే, ఎన్నికల విరాళాల రూల్స్ విషయంలో ఈ షో ప్రేక్షకులకున్న అవగాహన న్యూస్ ఛానెళ్ళు చూసేవాళ్ళకు లేదని తేలింది.

వేషానికి ఒక పెద్ద లోటు ఉంది, దాన్ని దాచి తీర్పు చెప్తే అన్యాయం. 2009లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చూస్తే, కన్సర్వేటివ్ భావాలున్న ప్రేక్షకుల్లో చాలామంది, ఇతను జోకులేస్తున్నట్టు నటిస్తున్నాడు గానీ లోపల నమ్మేది ఇదే అనుకుంటున్నారట. అంటే ఎవర్ని ఎగతాళి చేస్తున్నాడో వాళ్ళే చప్పట్లు కొట్టారు, అలాంటి వ్యంగ్యం వల్ల ఎవరికి లాభం? లేట్ షో కోల్‌బేర్‌తో ఈ గొడవ లేదు, ఆయన ఎటువైపో పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

వేషం ఎంత ప్రయత్నించినా చేయలేనిది ఇంకొకటుంది. 2015లో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ లేట్ షోకి వచ్చి, అప్పటికి కొన్ని నెలల క్రితమే చనిపోయిన కొడుకు బో గురించి మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్న కోల్‌బేర్ పదేళ్ళ వయసులో, 1974లో, ఒకే విమాన ప్రమాదంలో తండ్రినీ ఇద్దరు అన్నలనూ పోగొట్టుకున్నవాడు. ఇద్దరూ కాథలిక్కులే. ఆ రాత్రి జోకులతో ఎవరికీ పనిపడలేదు. ఈ ఒక్క విషయంలో మార్కులన్నీ రెండో ఆయనకే.

ధైర్యం సంగతికొస్తే ఇద్దరూ ఇద్దరే. 2006లో వైట్‌హౌస్ విలేకరుల విందులో జార్జ్ బుష్ కొన్ని అడుగుల దూరంలో కూర్చుని ఉండగా వేషంలోనే ఆయన్ని ‘పొగిడిన’ మనిషి, 2025 జులైలో తన ఛానెల్ యజమాని పారామౌంట్, ట్రంప్ వేసిన దావాలో ఆయనతో 1.6 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంటే దాన్ని షోలోనే లంచం అన్నాడు. రోజులు తిరక్కుండానే, 2026 మేతో షో ముగిస్తామని సీబీఎస్ ప్రకటించింది, కారణం ఆర్థికమేనట.

మధ్యలో జాన్ ఆలివర్ ఏమయ్యాడంటారు కొందరు. విషయం నేర్చుకోవడానికే అయితే హెచ్‌బీఓలో ఆయన ‘లాస్ట్ వీక్ టునైట్’ ఇద్దరికంటే మేలు, ఒకే అంశం మీద ఇరవై నిమిషాలు కూర్చోబెడతాడు. 2016లో సుమారు 1.5 కోట్ల డాలర్ల ఆస్పత్రి బాకీలను 60,000 డాలర్లకు కొని మాఫీ చేసి చూపించాడు. మన దగ్గర మాత్రం 2020 ఫిబ్రవరిలో మోదీ మీద చేసిన ఎపిసోడ్ హాట్‌స్టార్‌లో రానే లేదు. కానీ ఆలివర్ చెప్తాడు, వేషంలోని కోల్‌బేర్ చేసి చూపిస్తాడు. నాకు రెండోదే గుర్తుంటుంది.

మరి అంత మేలైతే ఇప్పుడెవరూ ఆ వేషం కట్టరేం? కట్టారు. 2017లో జోర్డాన్ క్లెపర్ అదే కామెడీ సెంట్రల్‌లో, ఈసారి అలెక్స్ జోన్స్ లాంటి కుట్ర కథల వాళ్ళ వేషంలో ‘ది అపోజిషన్’ అని మొదలెట్టాడు, ఏడాది తిరక్కుండానే మూతపడింది. క్లెపర్ తక్కువవాడేం కాదు. ఓ’రైలీకి టై, డెస్కు, పెద్దరికం ఉండేవి కాబట్టి లాగడానికి ఏదో ఒకటి దొరికేది. జోన్స్ సొంత షోలోనే చొక్కా విప్పి అరుస్తాడు, ఆయన్ని ఇంకాస్త అతి చేసి చూపించడానికి క్లెపర్‌కి మిగిలిందేమిటి?