ఈ-పీక్ పాహణీ యాప్: సిరోంచ తెలుగు రైతుల చేతిలో ఎంతవరకు పనికొస్తోంది?

మహారాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 15న రాష్ట్రమంతటా అమల్లోకి తెచ్చిన, రైతే తన పంటను ఫోన్‌లో నమోదు చేసుకునే ఈ-పీక్ పాహణీ యాప్‌ను, తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలోని తెలుగు రైతుల పక్కన కూర్చుని వాడి చూసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. పొలంలో ఏ పంట వేశారో సాత్‌బారాలోని (7/12 అనే భూమి రికార్డులోని) పంటల వివరాలుండే పన్నెండో నమూనాలో ఎక్కించే పని అంతకుముందు తలాఠీది (గ్రామ రెవెన్యూ అధికారిది). పంటల బీమాకైనా, మద్దతు ధరకు అమ్ముకోవడానికైనా, నష్టపరిహారానికైనా ఆ నమోదే ఆధారం కనుక, అది రైతు చేతికి రావడం చిన్న మార్పు కాదు.

వాడే విధానం కష్టమైనదేమీ కాదు. విభాగం, జిల్లా, తాలూకా, గ్రామం ఎంచుకుని, పేరుతో గానీ ఖాతా నంబర్‌తో గానీ గట్ నంబర్‌తో (భూమి సర్వే నంబర్ లాంటిది) గానీ మన భూమి ఖాతా వెతుక్కోవాలి. తర్వాత పంట, విస్తీర్ణం, నీటి వసతి, విత్తిన తేదీ నింపి, పొలంలో నిలబడి ఫోటో తీయాలి. ఫోటోతో పాటు ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి కాబట్టి ఇంట్లో కూర్చుని చేయడానికి వీలుండదు. తప్పు పడితే 48 గంటల్లోపు సరిదిద్దుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేని రైతు ఖాతాను పక్కింటివారి ఫోన్ నుంచి కూడా నమోదు చేయవచ్చు. ఊరిలో ఎవరి పొలంలో ఏ పంట నమోదైందో అందరూ చూడగలిగే ఏర్పాటు నాకు అన్నిటికంటే నచ్చింది. ఊరివాళ్ల కళ్ల ముందు ఉన్న లెక్కలో తప్పు ఎక్కువ కాలం దాగదు.

ఇబ్బంది భాష దగ్గర మొదలవుతుంది. తెర అంతా మరాఠీలో ఉంటుంది. ఇంట్లోనూ పొలంలోనూ తెలుగు మాట్లాడే పెద్దవాళ్లలో చాలామంది సంతలో మరాఠీ మాట్లాడగలరు కానీ చదవలేరు. మరాఠీ మాధ్యమంలో చదివే పిల్లలు తెరను చకచకా చదువుతారు. అయితే పత్తిలో కంది సాళ్లు ఎన్ని వేశారో, ఏ ముక్క బీడుగా వదిలారో వాళ్లకు తెలియదు. ఆ పిల్లవాడొక్కడికే ఫోన్ ఇచ్చి పంపితే మిశ్రమ పంట కాస్తా ఒకే పంటగా నమోదై, కంది లెక్కలోకి రాకుండా పోతుంది. అందుకే చదవగలిగిన పిల్లవాడు, పొలం తెలిసిన పెద్ద ఇద్దరూ కలిసి వెళ్లాలని, నమోదు పంపే ముందు నింపినదంతా ఒకసారి తెలుగులో పైకి చెప్పుకోవాలని నేను చూసిన ప్రతి ఇంట్లోనూ చెప్పాను. ఇంత పెద్ద రాష్ట్రం తన సరిహద్దు తాలూకాల కోసం పంటల పేర్లనైనా తెలుగులో చూపడం అసాధ్యమని నేను అనుకోను.

అంతకంటే లోతైన సమస్య నదితో ముడిపడి ఉంది. ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ ప్రాంతానికి పెద్ద వరద సాధారణంగా జూలై, ఆగస్టు నెలల్లో వస్తుంది. 2022 జూలైలో వచ్చిన వరదను ఇక్కడెవరూ మరచిపోలేదు. ఖరీఫ్ నమోదు మాత్రం సాధారణంగా ఆగస్టు మొదట్లో తెరుచుకుని సెప్టెంబరు మధ్య వరకు సాగుతుంది, కొన్నిసార్లు గడువు పెంచుతారు. అంటే జూలైలో కొట్టుకుపోయిన పత్తికి యాప్‌లో ఆనవాలే ఉండదు. అక్కడ పంచనామాయే, అంటే అధికారులు వచ్చి నష్టాన్ని చూసి రాసే నివేదికే దిక్కు. రైతు యాప్‌ను నమ్ముకుని పంచనామాను నిర్లక్ష్యం చేయకూడదు. వరద తీశాక మళ్లీ విత్తితే, నమోదులో రెండోసారి విత్తిన తేదీనే వేయాలి. ఒడ్డు పొలాల్లో మిర్చి నారు ఆలస్యంగా నాటేవారు తమ పంట ఏ సీజన్ కింద నమోదవుతుందో ముందే తలాఠీని అడిగి తెలుసుకోవడం మంచిది.

కౌలు రైతు సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. ఖాతా భూమి యజమాని పేరున ఉంటుంది కనుక, పెట్టుబడి పెట్టి చెమటోడ్చిన మనిషి పేరు ఈ లెక్కలో కనబడదు. పంట నమోదైనా, పరిహారం దాన్ని పండించినవాడికి చేరుతుందన్న హామీ ఆ నమోదులో లేదు. ఇది యాప్ ఒక్కటే తీర్చగలిగే లోటు కాదు గానీ, కౌలుదారుకు ఒక గడి పెట్టి ఉంటే కనీసం సాక్ష్యమైనా మిగిలేది.

సిగ్నల్ లేని పొలాల గురించి ఒక్క మాట చాలు: అక్కడ వివరాలు, ఫోటో నింపుకుని, సిగ్నల్ దొరికే చోటికి వచ్చాక అప్‌లోడ్ చేయాలి. అప్‌లోడ్ మరచిపోతే చేసిన పనంతా ఫోన్‌లోనే ఉండిపోతుంది.

లోపాలున్నా ఈ యాప్‌ను వాడమనే చెబుతాను. సొంతంగా చేయలేనివారి కోసం, రైతుల గడువు ముగిశాక గ్రామ సహాయకుడు నమోదు చేసే ఏర్పాటు ఉంది; ఆయన వచ్చినప్పుడు రైతు పక్కనే ఉండి గట్ నంబర్, పంట, విస్తీర్ణం చెప్పించుకుని వినాలి. నమోదు పూర్తయిన కొన్నాళ్లకు, డిజిటల్ సంతకమున్న సాత్‌బారాను 15 రూపాయలు చెల్లించి తీసుకుని, పన్నెండో నమూనాలో తన పంట పడిందో లేదో చూసుకోవాలి. పడకపోతే సహాయకుడి గడువు ఇంకా ఉండగానే అడగాలి.