విషవాయువు లీకైతే ఏ హద్దు చూడాలి? ఐడీఎల్‌హెచ్, ఈఆర్‌పీజీ, ఏఈజీఎల్‌లలో ఏది మేలు?

క్లోరిన్ ట్యాంకు లీకైతే ఎంత దూరం వరకు జనాన్ని తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండమనాలి, ఎవరిని తరలించాలి? లీకయ్యాక కూర్చుని ఆలోచించే విషయం కాదిది. ముందే లెక్కవేసి మ్యాపు మీద గీత గీసి పెట్టుకోవాలి. గాలిలో వాయువు ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాల వాయువు) దాటితే ప్రమాదమనుకుంటామో, దాన్ని బట్టే ఆ గీత ఎక్కడ పడేదీ తేలుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఐడీఎల్‌హెచ్, ఈఆర్‌పీజీ, ఏఈజీఎల్ అనేవి ఇలాంటి హద్దులు ఇచ్చే మూడు అమెరికా పట్టికలు. ఒకే వాయువుకు ఒక్కో పట్టికలో ఒక్కో అంకె ఉంటుంది. క్లోరిన్‌కు ఐడీఎల్‌హెచ్ 10 పీపీఎం, ఈఆర్‌పీజీ రెండో స్థాయి (తీవ్రమైన హాని మొదలయ్యేది) 3, ఏఈజీఎల్ రెండో స్థాయి గంటసేపటికి 2. పదికి గీసిన గీతకూ రెండుకు గీసిన గీతకూ మధ్య ఎన్నో కుటుంబాలు ఉంటాయి.

ముందు ఐడీఎల్‌హెచ్ సంగతి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ దీన్ని ఇస్తుంది. పనిచేసే చోట ఎలాంటి మాస్కు వాడాలో తేల్చడానికి, అది పాడైతే మనిషి క్షేమంగా బయటపడటానికి 30 నిమిషాల లెక్కన కట్టిన హద్దు ఇది. ఆరోగ్యంగా ఉన్న కార్మికుడిని దృష్టిలో పెట్టుకుని చేసిన లెక్క. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు, మంచం దిగలేని పెద్దవాళ్లు అందులో లేరు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టుగా ఊరికి వర్తింపజేయడం తప్పని గట్టిగా చెబుతాను.

భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో అమెరికా పర్యావరణ సంస్థ ఇందులో పదో వంతును హద్దుగా తీసుకోమంది. ఇప్పటి అంకెలతో అమ్మోనియాకు ఆ పద్ధతి పెట్టి చూడండి. ఐడీఎల్‌హెచ్ 300, పదో వంతు 30. సాధారణ జనం కోసం కట్టిన ఏఈజీఎల్ ప్రకారం 30 పీపీఎం దగ్గర మొదలయ్యేది కాస్త చికాకు, మంట మాత్రమే. గంటసేపటికి అసలు ప్రమాద స్థాయి 160. అంటే మూడు వందలు పెట్టుకుంటే మరీ ఎక్కువ, ముప్పై పెట్టుకుంటే మరీ తక్కువ. తక్కువ పెడితే నష్టమేముంది అనిపించవచ్చు. ఉంది. ఇంట్లో ఉంటే సరిపోయేవాళ్లను అనవసరంగా రోడ్డెక్కిస్తే వాయువు మేఘంలోకే పంపినట్టవుతుంది.

ఈఆర్‌పీజీ దీనికన్నా చాలా నయం. అమెరికన్ ఇండస్ట్రియల్ హైజీన్ అసోసియేషన్ ఇచ్చే ఈ అంకెలు అత్యవసర ప్రణాళిక కోసమే పుట్టాయి. మూడు స్థాయిలు ఉంటాయి: చికాకు, తీవ్రమైన హాని, ప్రాణాపాయం. కానీ రెండు లోపాలున్నాయి. అవి ‘దాదాపు అందరి’ కోసం కట్టినవి, సున్నితమైన ఆరోగ్యం ఉన్నవాళ్లను విడిగా లెక్కలోకి తీసుకోవు. పైగా ఒక్క గంటకే ఇస్తారు.

ఏఈజీఎల్‌లోనూ ఇలాంటి మూడు స్థాయిలే, కానీ దాని అసలు బలం సమయం దగ్గరే. 10 నిమిషాలు, 30 నిమిషాలు, గంట, 4 గంటలు, 8 గంటలు, ఇలా ప్రతి స్థాయికీ ఐదు అంకెలు. క్లోరిన్‌కు ప్రాణాపాయ స్థాయి 50, 28, 20, 10, 7.1 పీపీఎం. గంటకు 20, నాలుగు గంటలకు 10 అన్నది గమనించండి. గాఢత సగమైతే సమయం రెట్టింపు కాలేదు, నాలుగింతలైంది. తిప్పి చెబితే, గాఢత రెట్టింపైతే తట్టుకునే సమయం పావు వంతుకు పడిపోతుంది. అందుకే గంట సగటు చూసి ‘తక్కువే ఉందిలే’ అనుకోకూడదు. మొదటి ఐదు నిమిషాల్లో దట్టంగా వచ్చిన మేఘం చేసే కీడు ఆ సగటులో కనబడదు.

పిల్లలు, వృద్ధులు, ఆస్తమా రోగులు ఏఈజీఎల్ లెక్కలో ఉన్నారు. అరుదుగా మరీ ఎక్కువ సున్నితత్వం ఉన్నవాళ్లకు మాత్రం ఆ అంకెల కన్నా తక్కువలోనే ఇబ్బంది రావచ్చు. రెండో స్థాయి నిర్వచనంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది: తప్పించుకునే శక్తి తగ్గడం. కళ్లు మండి, నీళ్లు కారి, ఎదురుగా ఉన్న తలుపు గడియ కూడా కనబడని మనిషికి ఊపిరితిత్తులు ఇంకా బాగానే ఉండవచ్చు. కానీ పారిపోలేడు కాబట్టి వాయువు మరింత పీలుస్తాడు. జనరక్షణ గీతకు ఏఈజీఎల్ రెండో స్థాయినే నేను ఎంచుకోవడానికి పెద్ద కారణం ఇదే. మూడో స్థాయి ఆసుపత్రి పడకలు, అంబులెన్సుల లెక్కకు పనికొస్తుంది. మొదటిది వాసనకు జనం టెన్షన్ పడి ఫోన్లు చేసే ప్రాంతం ఎంతవరకో చెబుతుంది.

ఐదింటిలో ఏ సమయం? మేఘం పది నిమిషాల్లో దాటిపోతుందని గట్టి ఆధారం ఉంటే తప్ప గంట అంకెనే వాడండి. క్లోరిన్ రెండో స్థాయికి పది నిమిషాల హద్దు 2.8, గంటకు 2. ఆ కొద్ది తేడా కోసం జనాన్ని రిస్కులో పెట్టాల్సిన పనిలేదు.

అయితే ఏఈజీఎల్ కొన్ని వందల రసాయనాలకే ఉంది. అది లేకపోతే ఈఆర్‌పీజీ, అదీ లేకపోతే అమెరికా ఇంధన శాఖ ఇచ్చే టీల్ అనే తాత్కాలిక హద్దు. టీల్ మూడు వేలకు పైగా రసాయనాలకు దొరుకుతుంది, కానీ అందులో చాలా అంకెలు ఇతర హద్దుల నుంచి సూత్రాలతో రాబట్టినవి. వాటి మీద అంత నమ్మకం పెట్టుకోలేం. కాబట్టి ప్లానులో ఒట్టి ‘2 పీపీఎం’ అని రాయకుండా, అది ఏ పట్టికలోది, ఏ స్థాయి, ఎంతసేపటికి అన్నది పక్కనే రాయండి. రాత్రి డ్యూటీలో ఉండి ఆ కాగితం తెరిచేది వేరే మనిషి కావచ్చు.