లినక్స్‌కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌కి క్యూటీ ఎల్‌జీపీఎల్ మేలా, కమర్షియల్ లైసెన్సు మేలా?

విండోస్‌లో అమ్ముకుంటున్న సాఫ్ట్‌వేర్‌ని లినక్స్‌కి తేవాలనుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే: "క్యూటీని ఉచితంగా వాడితే మా కోడ్ బయటపెట్టాలా?" క్యూటీ అంటే ప్రోగ్రామ్‌కి కిటికీలు, బటన్లు లాంటివి ఇచ్చే లైబ్రరీ, అంటే మన ప్రోగ్రామ్‌తో కలుపుకునే రెడీమేడ్ కోడ్. దాన్ని ఎల్‌జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉచితంగానూ వాడొచ్చు, కమర్షియల్ లైసెన్సు కొనీ వాడొచ్చు. మొన్ననే మా బిల్లింగ్ ప్రోగ్రామ్ కోసం ఈ లెక్కంతా వేసుకున్నాం.

ముందు ఒక భయం తీసేద్దాం. లినక్స్ మీద నడిచినంత మాత్రాన మన ప్రోగ్రామ్‌కి జీపీఎల్ (దాని కింద ఉన్న కోడ్‌ని కలుపుకుని ఇస్తే మన కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్సు) అంటుకోదు. ఆ మాట కెర్నల్ (లినక్స్ మూల భాగం) లైసెన్సు ఫైల్లోనే ఉంది. చిక్కంతా మనం కలిపి ఇచ్చే లైబ్రరీలతోనే.

ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కన్నా సడలింపు ఉన్న లైసెన్సు) కింద మన కోడ్ మన దగ్గరే ఉంటుంది. క్యూటీ వాడామని చెప్పాలి, లైసెన్సు ప్రతి, క్యూటీ సోర్సు అందుబాటులో ఉంచాలి. కస్టమర్ తాను మార్చుకున్న క్యూటీని మనదాని బదులు పెట్టుకోగలగాలి. డైనమిక్ లింకింగ్ చేస్తే, అంటే క్యూటీని మన ప్రోగ్రామ్‌లో కలిపేయకుండా విడి ఫైళ్లుగా ఉంచితే, ఇది తేలికే.

నా దృష్టిలో అసలు తేల్చేది కోడ్ కాదు, కస్టమర్‌తో మన ఒప్పందం. మా దాంట్లో ఏళ్లుగా ఒక వాక్యం ఉంది: "ఏ విధంగానూ రివర్స్ ఇంజనీరింగ్ చేయరాదు." లైబ్రరీలో తాను చేసిన మార్పుల్ని డీబగ్ చేసుకోవడానికి (తప్పులు వెతికి సరిచేసుకోవడానికి) ఆ పని, అంటే ప్రోగ్రామ్‌ని విప్పి లోపల ఎలా నడుస్తుందో చూసే పని, చేసే హక్కు కస్టమర్‌కి ఉండాలని ఎల్‌జీపీఎల్ అంటుంది. రెండూ కలిసి నిలబడవు. మినహాయింపుగా ఒక్క వాక్యం చేర్చాక గానీ మా టెన్షన్ తీరలేదు. దయచేసి మీ ఒప్పందం ఒకసారి తీసి చదవండి.

ఇంకో గుంట క్యూటీ చార్ట్స్, అంటే గ్రాఫ్‌లు గీసే క్యూటీ భాగం. ఉచిత వెర్షన్‌లో అది ఎల్‌జీపీఎల్ కాదు, జీపీఎల్. నెలవారీ అమ్మకాల గ్రాఫ్ కోసం దాన్ని అలాగే ఉంచేసి ఉంటే ప్రోగ్రామ్ మొత్తం జీపీఎల్ కిందికి వచ్చేది. అది తీసేసి, క్యూటీలోనే బొమ్మలు గీయడానికి ఉన్న క్యూపెయింటర్‌తో గీతలు మేమే గీసుకున్నాం.

కమర్షియల్ లైసెన్సుతో ఈ షరతులేవీ ఉండవు, కానీ డెవలపర్‌కి ఇంత అని కట్టాలి. సెట్‌టాప్ బాక్స్ లాంటి, కస్టమర్ సాఫ్ట్‌వేర్ మార్చకుండా తాళం వేసిన ఇంటి పరికరమైతే కొనండి. 2016లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి క్యూటీకి ఉన్నది ఎల్‌జీపీఎల్ మూడో వెర్షన్, అది అలాంటి తాళాన్ని ఒప్పుకోదు. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కైతే నా ఓటు ఎల్‌జీపీఎల్‌కే.

క్యూటీ లాంటిదే అయిన జీటీకే కూడా ఎల్‌జీపీఎలే, షరతులు దాదాపు ఇవే. విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపించే వైన్ మీద నడిపితే కోడ్ మార్చే పని తగ్గుతుంది గానీ, విండోస్ నుంచి ఫైళ్లు, ఫాంట్లు ఎత్తి కలిపి ఇవ్వడం కుదరదు. మేమూ విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంట్ వదిలేసి, ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్న నోటో సాన్స్ తెలుగు పెట్టాం. అక్షరాల వెడల్పు మారి బిల్లులో "కందిపప్పు" రెండో వరుసలోకి జారింది, ఆ కాలమ్ కాస్త వెడల్పు చేశాం.