పాచికల చార్టు: కంఠతా పట్టడమా, తిరగరాయడమా, ఏది మేలు?

బల్ల మీద సైన్యాలు పేర్చి పాచికలతో యుద్ధం ఆడే టేబుల్‌టాప్ వార్‌గేమ్‌లలోకి కొత్తగా వచ్చి నాలుగైదు ఆటలు ఆడినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పాచిక వేసిన ప్రతిసారీ రూల్‌బుక్‌లో ఎంత పడాలో చెప్పే చార్టు వెతుక్కునే బదులు దానిని కంఠతా పట్టడం మేలా, లేక గుర్తుండేలా చిన్న సూత్రంగా తిరగరాసుకోవడం మేలా? చాలామంది దీనిని వేగాన్ని బట్టి తేలుస్తారు. ఆట మధ్యలో ఒక గడి మరిచిపోయినప్పుడు, పుస్తకం తెరవకుండా, ఎదుటివాడు కూడా ఒప్పుకునేలా ఆ సంఖ్యను అప్పటికప్పుడు రాబట్టగలమా అన్నదే నా దృష్టిలో అసలు గీటురాయి. ఎక్కం మరిచిపోయినవాడు కూడుకుంటూ పోయి జవాబు పట్టుకోగలడు. అన్ని చార్టులకూ ఆ వెసులుబాటు లేదు.

బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హామర్ 40,000 అనే ఆటలో ఈ రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి దానినే తీసుకుందాం. 7వ ఎడిషన్ దాకా గాయం చేయడానికి పాచికపై ఎంత పడాలో ఆయుధపు స్ట్రెంగ్త్‌కూ (బలం) లక్ష్యపు టఫ్‌నెస్‌కూ (తట్టుకునే శక్తి) ఉన్న తేడా నిర్ణయించేది. అటు 1 నుంచి 10, ఇటు 1 నుంచి 10, మొత్తం నూరు గళ్లు. రెండూ సమానమైతే 4+ (అంటే నాలుగు గానీ ఆపైన గానీ పడాలి), స్ట్రెంగ్త్ ఒకటి ఎక్కువైతే 3+, రెండు గానీ అంతకు మించి గానీ ఎక్కువైతే 2+, ఒకటి తక్కువైతే 5+, రెండు తక్కువైతే 6+. ఇంతవరకు నాలుగులోంచి తేడాను తీసివేసి, 2 కన్నా కిందికి పోకుండా చూసుకుంటే సరిపోతుంది. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. మూడు తక్కువైనా 6+ మారదు, నాలుగు తక్కువైతే మాత్రం ఎంత పడినా గాయం కాదు. అంటే స్ట్రెంగ్త్ 3తో టఫ్‌నెస్ 6ను గాయపరచవచ్చు, 7ను కుదరదు. చార్టు మొత్తం నోటికి వచ్చునని చెప్పుకునేవారు తడబడేది ఈ ఒక్క మూలనే, ఎందుకంటే ఆ మినహాయింపు మిగతా సూత్రంలోంచి పుట్టదు. దానిని విడిగా గుర్తుపెట్టుకోవలసిందే.

2017లో వచ్చిన 8వ ఎడిషన్ తేడాను వదిలి నిష్పత్తిని పట్టుకుంది. సమానమైతే 4+, ఎక్కువైతే 3+, రెట్టింపు గానీ ఆపైన గానీ అయితే 2+. తక్కువైతే 5+, సగం గానీ అంతకు దిగువ గానీ అయితే 6+. నూరు గళ్లు ఐదు మాటల్లో ఒదిగిపోయాయి, పైగా మినహాయింపు ఒక్కటీ లేదు. స్ట్రెంగ్త్ 4, టఫ్‌నెస్ 7 ఎదురైతే సందేహపడనక్కరలేదు: ఏడులో సగం మూడున్నర, నాలుగు దానికన్నా ఎక్కువ, కాబట్టి 5+. టఫ్‌నెస్ 8 అయితే 6+. 2023 నాటి 10వ ఎడిషన్‌లో ల్యాండ్ రైడర్ అనే భారీ కవచ వాహనపు టఫ్‌నెస్ 12కు చేరింది. పాత చార్టును అంతదాకా లాగాలంటే కొత్త గళ్లు గీయాలి; కొత్త నియమంలో ఒక్క మాటైనా మార్చవలసిన పని లేదు.

పాత చార్టుపై మమకారం ఉన్నవారి బాధ అర్థం కానిది కాదు. టఫ్‌నెస్ 4 మీద స్ట్రెంగ్త్ 6 పూర్వం 2+తో, అంటే ఆరింట అయిదు వంతుల అవకాశంతో గాయపరిచేది; ఇప్పుడు 3+, అంటే మూడింట రెండు వంతులే. ఆ లక్ష్యం మీద 5, 6, 7 స్ట్రెంగ్త్‌లు మూడూ ఒకటే అయిపోయాయి, 8 వచ్చేదాకా లాభం లేదు. మెట్లు తగ్గాయన్న మాట నిజం. అయినా ఆ సూక్ష్మతను అనుభవించడానికి మినహాయింపుల మూలను మోయవలసి వస్తే నేను కొత్త నియమం వైపే మొగ్గుతాను.

నిష్పత్తి ఆలోచన కొత్తది కాదు. ఆటల రూపకర్త చార్లెస్ రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే బోర్డు వార్‌గేమ్‌తో తెచ్చిన యుద్ధ ఫలితాల పట్టిక దీని మీదే నిలబడింది. ఆ తర్వాతి బోర్డు వార్‌గేమ్‌లు చాలావరకు ఆ బాటే పట్టాయి. దాడి చేసేవారి బలం 11, కాచుకునేవారిది 4 అయితే, శేషాన్ని కాచుకునేవారికి వదిలేసి 2:1 నిలువు వరుస చూస్తారు. ఇంకొక్క పాయింటు తోడైతే 3:1. ఆ ఒక్క పాయింటు కోసం సైన్యాన్ని లెక్కపెట్టి పేర్చడమే ఆటగా మారిందన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది, అది అన్యాయమైన ఫిర్యాదు కూడా కాదు. ఇక్కడ గళ్లలో ఉండేవి సంఖ్యలు కావు: వెనుదిరగడం, తుడిచిపెట్టుకుపోవడం, ఇరువైపులా నష్టం వంటి ఫలితాలు. వాటిని ఏ సూత్రమూ పుట్టించలేదు. కాబట్టి ఇటువంటి పట్టికను కంఠతా పట్టవద్దు, తిరగరాయనూ వద్దు. ఒక ప్రతి తీసి బోర్డు పక్కన ఉంచుకుని, దాడి చేసినవాడే తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఏ వరుస దగ్గర ఆగిపోతుందో మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

సొంతంగా తిరగరాసేవారు ముందు తమ ఆటలోని బలాలు ఎంత మేర విస్తరించాయో చూసుకోవాలి. 3కు ఎదురుగా 1 ఉన్నా, 30కి ఎదురుగా 28 ఉన్నా తేడా రెండే, కానీ ఆ రెండు పోరాటాలూ ఒకటి కావు. బలాలన్నీ 1 నుంచి 6 లోపే ఉంటే తేడా సూత్రం హాయిగా పనిచేస్తుంది. అంతకు మించి వ్యాపిస్తే నిష్పత్తే శరణ్యం. ఒక పాచికను రెండు పాచికలుగా మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి. ఒక్క పాచికపై +1 విలువ ఎప్పుడూ ఆరింట ఒక వంతే. రెండు పాచికలపై 8+ కాస్తా 7+ అయితే అవకాశం 36లో 15 నుంచి 21కి ఎగబాకుతుంది, 11+ కాస్తా 10+ అయితే 3 నుంచి 6కే చేరుతుంది. ఎత్తైన నేలకు +1, అడవికి -1 అంటూ పాత సవరణలను అలాగే ఉంచితే, రాసినవారికి తెలియకుండానే వాటి బరువు ఒక్కో పోరులో ఒక్కో రకంగా మారిపోతుంది.

మిగతా దారుల గురించి చెప్పవలసింది కొంచెమే. 2015లో వచ్చిన ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే బొమ్మల యుద్ధపు ఆట చార్టునే తీసేసి, తగలడానికీ గాయపరచడానికీ కావలసిన సంఖ్యలను ఆయుధం వివరాల్లోనే అచ్చువేసింది. కంఠతా పట్టే బాధ తప్పుతుంది గానీ, ఎదుట ఎవరున్నా గాయపరిచే సంఖ్య ఒకటే కావడం నాకు రుచించదు. మెమొయిర్ '44 అనే బోర్డు ఆటలోలాగా బొమ్మలు ముద్రించిన పాచికలు పిల్లలతో ఆడడానికి బాగుంటాయి. పట్టికలూ పాచికలూ వద్దనుకుంటే తీర్పరి మాటే ఫలితం: 1824లో రైస్‌విట్జ్ పాచికలతో, పట్టికలతో తీర్చిదిద్దిన ప్రష్యన్ సైనికాధికారుల శిక్షణ ఆట క్రీగ్‌స్పీల్‌ను 1876లో వెర్డీ దు వెర్నువా ఈ వైపే నడిపించాడు. అయితే యుద్ధానుభవం ఉన్న అధికారి తీర్పరిగా కూర్చుంటేనే అది నడుస్తుంది, ఆదివారం సాయంత్రం భోజనాల బల్ల మీద ఆడుకునేవారికి అటువంటి తీర్పరి దొరకడం కష్టం.