ఇంట్లో ఒకరికి కుక్క పడదు: పూడుల్ మేలా, లాబ్రడార్ మేలా, ఆడకుక్క మేలా?

"పూడుల్ తెచ్చుకోండి, బొచ్చు రాలదు, తుమ్ములు రావు." కుక్క పడని మనిషి ఉన్న ఇంటివాళ్లకు నలుగురూ చెప్పే మాట ఇదే. బొచ్చు రాలదన్నది చాలావరకు నిజం. తుమ్ములు రావన్నది మాత్రం అమ్మేవాళ్ల నమ్మకం.

ఎలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, కుక్క ఒంట్లో తయారయ్యే కొన్ని ప్రొటీన్లు. వీటికి క్యాన్ ఎఫ్ 1, క్యాన్ ఎఫ్ 2 అంటూ వరుస నంబర్లు ఉన్నాయి. ఎక్కువమందిని బాధపెట్టేది క్యాన్ ఎఫ్ 1. ఇది చొల్లులోనూ చర్మం మీదా ఉంటుంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, చొల్లు బొచ్చు మీద ఎండిపోతుంది, చర్మం నుంచి లేచే సన్నని పొట్టుతో కలిసి గాలిలో తేలుతుంది. చొల్లు, చర్మం లేని కుక్క ఉండదు కాబట్టి ఎలర్జీ రాని జాతి కూడా ఉండదు.

పూడుల్, లాబ్రడార్

2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు పూడుల్, లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడుల్ సంకరం) లాంటి "ఎలర్జీ లేని" జాతుల బొచ్చును లాబ్రడార్ లాంటి మామూలు జాతుల బొచ్చుతో పోల్చి చూశారు. "ఎలర్జీ లేని" పేరున్న జాతుల్లోనే క్యాన్ ఎఫ్ 1 ఎక్కువగా కనిపించింది. ఇళ్ల గాలిలో మాత్రం తేడా లేదు. లాబ్రడూడుల్ ఉన్న ఇళ్లలో నేల మీది దుమ్ములో కాస్త తక్కువ, అంతే. అంతకు ముందు ఏడాది అమెరికాలోని డెట్రాయిట్‌లో, ఒక్కో కుక్క ఉన్న 173 ఇళ్ల దుమ్మును పరీక్షించినప్పుడు కూడా జాతిని బట్టి తేడా తేలలేదు.

లాబ్రడూడుల్ పుట్టుకలోనే ఈ సంగతి దాగి ఉంది. 1989లో ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్‌లను పెంచే వాలీ కాన్రన్ ఈ సంకరాన్ని పుట్టించింది హవాయిలో ఉన్న ఒక అంధురాలి కోసం. ఆమె భర్తకు కుక్కలు పడవు. మూడు పిల్లల బొచ్చు, చొల్లు నమూనాలు పంపితే ఆయనకు పడింది ఒక్కదానిదే. తల్లీతండ్రీ ఒకటే అయినా పిల్లకూ పిల్లకూ ఇంత తేడా ఉన్నప్పుడు, జాతి పేరు చూసి డబ్బు కట్టడంలో అర్థం లేదు.

అయినా బొచ్చు తీరుకు విలువ లేకపోలేదు. అది ఇంటిపని లెక్కను మారుస్తుంది. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు. ఏడాది పొడుగునా రాలుతుంది, సీజన్ మారినప్పుడు గుప్పెళ్లతో రాలుతుంది. ఆ పొట్టి వెంట్రుకలు సోఫా బట్టలోకి సూదుల్లా దిగుతాయి, వాటితోపాటే ఎండిన చొల్లు కూడా. పూడుల్ వెంట్రుక ఊడినా కింద పడదు, ఉంగరాల్లో చిక్కుకుపోతుంది. పొట్టు కూడా అక్కడే నిలుస్తుంది. దాన్ని బయటికి తీసే బాధ్యత మనది. రోజూ, కనీసం రోజు విడిచి రోజు దువ్వాలి. 4 నుంచి 6 వారాలకోసారి కత్తిరించాలి.

దువ్వడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. బ్రష్ పైపైన ఆడించి, బొచ్చు పొంగగానే పని అయిపోయిందనుకుంటారు. బొచ్చును పాయలుగా విడదీసి, చర్మం కనిపించేలా పట్టుకుని, మొదలు నుంచి దువ్వాలి. తర్వాత స్టీలు దువ్వెన చర్మం దాకా దించి లాగాలి. చెవుల వెనక, చంకల్లో, పట్టీ కింద దువ్వెన ఆగిందంటే అక్కడ ఉండ కట్టినట్టే. దాన్ని విప్పకుండా స్నానం చేయిస్తే తడిసి బిగిసి గొంగళి ముక్కలా తయారవుతుంది. ఇక కత్తెర తప్ప దారి లేదు. దువ్వేటప్పుడు వెలుతురుకు అడ్డంగా చూడండి, తెల్లటి పొడి లేస్తుంటుంది. పడని మనిషి ముక్కులోకి పోకూడనిది అదే. అందుకని ఈ పని మరొకరు, ఇంటి బయట చేయాలి.

ఇంత ఓపిక ఉన్న ఇంటికి పూడుల్ కాస్త మేలు. లేని ఇంటికి, దువ్వకుండా వదిలేసిన పూడుల్ కంటే ఒకే పొర పొట్టి బొచ్చున్న చిన్న కుక్క నయం.

బొచ్చే లేని కుక్క

మెక్సికోకు చెందిన "షోలో" జాతి, చైనీస్ క్రెస్టెడ్ జాతి లాంటివి. ప్రొటీన్లు వీటికీ ఉంటాయి, కాకపోతే తడిగుడ్డతో ఒళ్లు తుడవడం తేలిక. బదులుగా ఎండకు కమిలే చర్మం, మొటిమలు, చలికి బట్టలు తప్పవు. ఆ సేవ చేయగలిగితేనే ఆలోచించండి.

పెద్దది, చిన్నది

5 కిలోల కుక్క ఒంటి వైశాల్యం సుమారు 0.3 చదరపు మీటర్లు, 30 కిలోలదానిది దాదాపు 1. పొట్టు రాలే చోటు మూడింతలు. మూతి వేలాడి చొల్లు కార్చే మాస్టిఫ్ లాంటివాటి జోలికి అసలే వెళ్లొద్దు.

ఆడదా, మగదా

జాతి గురించి గంటలు చర్చించేవాళ్లు ఈ ప్రశ్న అడగరు. క్యాన్ ఎఫ్ 5 అనే ప్రొటీన్ మగకుక్క ప్రోస్టేట్ గ్రంథిలో తయారై, మూత్రం ద్వారా బొచ్చుకు అంటుతుంది. కుక్కలు పడనివాళ్లలో సుమారు పది మందిలో ముగ్గురికి పడనిది ఇదొక్కటే. అలాంటివాళ్లు ఆడకుక్కతో ఇబ్బంది లేకుండా ఉండగలిగే అవకాశం బాగా ఎక్కువ, అది ఏ జాతిదైనా సరే. మగకుక్కకు వృషణాలు తీయిస్తే ఈ ప్రొటీన్ తగ్గుతుంది కానీ మర్నాటికే కాదు.

ఇది తెలియాలంటే కుక్క ఎలర్జీ ఉందా లేదా అన్న మామూలు పరీక్ష చాలదు. ఏ ప్రొటీన్ పడదో విడివిడిగా చెప్పే రక్తపరీక్ష ఉంది, ఎలర్జీ డాక్టరును క్యాన్ ఎఫ్ 5 అని పేరు పెట్టి అడగాలి. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షకైతే ఎలర్జీ మాత్రలు సుమారు వారం ముందే ఆపమంటారు. రక్తపరీక్షకు ఆ అవసరం లేదు. పనిలో పనిగా దుమ్ము పురుగులకూ చేయించుకోండి. పరుపులో ఉన్న దోషాన్ని కుక్క మీద వేసేవాళ్లు తక్కువేం కాదు.

రిపోర్టులో క్యాన్ ఎఫ్ 5 ఒక్కటే ఉంటే ఆడకుక్క, ఇంకో మాట లేదు. క్యాన్ ఎఫ్ 1 కూడా ఉంటే ఆడా మగా తేడా పెద్దగా పనిచేయదు.

పిల్లా, పెద్దకుక్కా

పెద్దదే. ముచ్చటగా ఉందని పిల్లను తెస్తారు, పెరిగాక దాని బొచ్చు మారుతుంది, ఒళ్లూ పెరుగుతుంది. ఏడాది దాటిన కుక్క అయితే ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది, పరీక్షించి చూసుకోవచ్చు.

పరీక్ష ఇలా. పడని మనిషి ఆ కుక్కతో, వేరే కుక్కలు, పిల్లులు లేని మూసిన గదిలో గంటసేపు కూర్చోవాలి. నిమరాలి, చేతిని నాకనివ్వాలి. నాకిన చోట దద్దు లేస్తుందేమో చూడాలి. ఆ తర్వాత 8 గంటల దాకా ముక్కు, కళ్లు, ఛాతీ గమనించాలి, ఎందుకంటే కొందరికి బాధ ఆలస్యంగా మొదలవుతుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఇలా చేసి, అప్పుడు రెండు మూడు వారాలు ఇంట్లో ఉంచి చూడాలి. మొదటి రోజుల్లో ఏమీ కాకపోయినా, సోఫాలూ పరుపులూ నిండే కొద్దీ బాధ బయటపడొచ్చు. ఎలర్జీ మాత్ర వేసుకుని పరీక్షకు కూర్చుంటే తెలిసేది మాత్ర బలమే. మాత్ర ఆపాలా వద్దా అన్నది డాక్టరును అడిగే తేల్చుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరు సరే అంటేనే ఇలా కూర్చోవాలి, ఇన్‌హేలర్ చేతిలో ఉండాలి. ఉబ్బసం అదుపులో లేనివాళ్లుంటే పై కుక్కల్లో ఏదీ మేలు కాదు.

కుక్క ఇంటికి వచ్చాక పడకగది దానికి మొదటి రోజు నుంచే మూసి ఉండాలి; ఒక్కసారి పరుపెక్కితే ఆ దుమ్ము వదలదు. అదే గదిలో గాలిని వడగట్టే హెపా ఫిల్టర్ యంత్రం పెడితే ఫలితం కనిపిస్తుంది. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని అది పట్టేస్తుంది, కానీ తివాచీలో ఇంకినదాన్ని ఏమీ చేయలేదు, కాబట్టి తివాచీ తీసేయండి. స్నానం చేయిస్తే ప్రొటీన్లు తగ్గుతాయి, కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదటికొస్తాయి, అందుకే వారానికి రెండుసార్లు అవసరం. మనుషుల షాంపూ వాడితే చర్మం పొడిబారి పొట్టు ఇంకా లేస్తుంది.

కుక్కను ఇచ్చేవాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సింది ఒకటి మిగిలింది. నెల లోపు పడకపోతే వాళ్లే వెనక్కి తీసుకుంటారా? తీసుకుంటామంటే కాగితం మీద రాయించుకోండి. కుక్క వెళ్లిపోయాక కూడా దాని ప్రొటీన్లు ఇంట్లో నెలల తరబడి ఉంటాయి. కాబట్టి రెండో కుక్కను ఆ ఇంట్లోనే వెంటనే పరీక్షకు పెట్టకండి, మొదటిదాని తుమ్ములు దీని ఖాతాలో పడతాయి.