అత్తయ్యతో నాలుగు సాయంత్రాలు: పాట విన్నాక గది చేరడమెలా

మా అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు. కుడి మోకాలు అరిగింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. టీవీలో ఎవరైనా శ్రుతి తప్పితే వంటింట్లోంచే "అయ్యో రామా" అంటుంది. ఆవిడను వెంటబెట్టుకుని ఖమ్మం నుంచి హైదరాబాద్ బయల్దేరుతుంటే మావారు ఒకటే జాగ్రత్త చెప్పారు: "ఎక్కడికెళ్లినా ముందు మెట్లెన్నో కనుక్కో." మెట్ల సంగతి ఎలాగోలా తేలింది. ఆయన చెప్పనిది, నాకు రెండో రాత్రికి గానీ బోధపడనిది ఇంకొకటుంది. ఈ ఊళ్లో కచేరీ ఎక్కడ అన్నది సగం సంగతే. అది అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకు ఎలా తిరిగొస్తాం అన్నది మిగతా సగం.

ప్రయాణానికి కారణం మా ఆడపడుచు కూతురు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడి చదువుతోంది. "అమ్మమ్మా, శనివారం మా డిపార్ట్‌మెంట్‌లో ప్రోగ్రాం, నువ్వు రాకపోతే నేను గజ్జె కట్టను" అని ఫోన్లో బెదిరించింది. ఎలాగూ వెళ్తున్నాం కదా అని గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు సాయంత్రాలకు పథకం వేసుకున్నాం. జనవరి చివరి వారం. హైదరాబాద్‌లో పాటకీ ఆటకీ ఇంతకన్నా మంచి కాలం లేదు. చలి బాధించదు, వాన గొడవ లేదు, ఊరంతా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

ఏ రోజు ఎక్కడ ఏముందో తెలుసుకోవడమే మొదటి పని. తెలుగు దినపత్రికల హైదరాబాద్ ఎడిషన్లలో ఆ రోజు నగరంలో జరిగేవన్నీ చిన్న అక్షరాల్లో వేస్తారు. మా ఖమ్మం పేపర్లో అది రాదు. పిల్ల రోజూ పొద్దున్నే ఫోటో తీసి పంపేది. పేపర్లో రాని వాటికి వాట్సాప్ ఆహ్వానాలున్నాయి. అవీ కాకపోతే హాలు గేటు ముందు కట్టిన ఫ్లెక్సీలు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఆహ్వానంలో ఆరు గంటలని ఉంటే ఆరింటికి జ్యోతి ప్రజ్వలన అని అర్థం. పోయినసారి ఒక సభలో శాలువాలు కప్పడం, ఆ శాలువాలు కప్పినవాళ్లకు మళ్లీ శాలువాలు కప్పడం ముగిసి పాట మొదలయ్యేసరికి ఏడుంపావు దాటింది. అప్పట్నుంచీ ఆహ్వానంలో "సభ", "సత్కారం" అన్న మాటలు కనిపిస్తే గంట ఆలస్యంగా బయల్దేరడం నేర్చుకున్నాం.

మొదటి రెండు రాత్రులకు లకడీకాపూల్‌లో ఒక లాడ్జి తీసుకున్నాం, రోజుకు 1,900. పదిన్నరకే చేరితే చెక్ ఇన్ పన్నెండింటికి అన్నారు. సరే, కూర్చుంటామంటే సగం రోజు అద్దె కడితే ఇప్పుడే తాళమిస్తామన్నారు. అత్తయ్య రిసెప్షన్ సోఫాలో చెప్పులు విప్పి కాళ్లు చాపుకుని, గొంతు కాస్త పెంచి విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. పదకొండింటికి, పైసా అడక్కుండా తాళం ఇచ్చారు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. దుప్పటి మేమడిగాకే మార్చారు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. లిఫ్టుంది, కింద ఇడ్లీ దొరుకుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా రవీంద్రభారతి నడిచి వెళ్లే దూరం. మధ్యలో రోడ్డు దాటడం మాత్రం ఒక సాహసం. ట్రాఫిక్ పోలీసు ఉన్న చోటే దాటండి.

గురువారం రవీంద్రభారతిలో సురభి వాళ్ల మాయాబజార్ నాటకం. టాగోర్ శతజయంతి ఏడు 1961లో తెరిచిన హాలది. వయసు అరవై దాటినా సీట్ల వాలు ఎంత బాగుందంటే వెనక వరసలోంచీ ముఖాలు కనిపిస్తాయి. సురభి గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకోకండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన ఆట, అవే కుటుంబాల చేతుల్లో తరాలు దాటి ఇప్పటికీ నడుస్తోంది. తెర పైకి లేస్తే అడవి, కిందికి దిగితే అంతఃపురం. రంగుల తెరలు మారడానికి రెండు క్షణాలు కూడా పట్టదు. హార్మోనియం, తబలా పక్కనే ఉండి నడిపిస్తుంటాయి. రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పురవ్వలు రాలినప్పుడు మా ముందు వరసలోని ఐదేళ్ల కుర్రాడు సీటెక్కి నిలబడ్డాడు. వాళ్ల నాన్న కూర్చోబెట్టలేదు, ఆయనా నోరు తెరిచే ఉన్నాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరెళ్తుంటే హాలంతా గోల.

అత్తయ్య చిన్నప్పుడు ఊళ్లో డేరా కింద, పెట్రోమాక్స్ వెలుతురులో సురభి చూసిందట. "అప్పుడు తీగలు కనపడేవి కాదే, ఇప్పుడు ఒకట్రెండు కనిపిస్తున్నాయి" అంది. కళ్లజోడు మారాక కనిపిస్తున్నాయి అన్నాను. నవ్వలేదు. ఆట అయ్యాక తొమ్మిదింపావుకు బయటపడి, తొమ్మిదిన్నరకు గదిలో ఉన్నాం. దాని విలువ ఆ రాత్రి తెలియలేదు.

శుక్రవారం పగలు సాలార్‌జంగ్ మ్యూజియం అనుకున్నాం. శుక్రవారం సెలవని పిల్ల చెప్పబట్టి ఆగాం. బదులుగా నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ మైదానానికి మారిన సంత అది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. పాట కోసం వెళ్లేవాళ్లకు అక్కడ పనేం లేదు, మైకుల మోత తప్ప. అత్తయ్య ఒక శాలువా, నేనొక దోసె పెనం కొనుక్కుని గంటలో బయటపడ్డాం. దగ్గర్లోనే సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది. 1974లో సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. ఆవిడ కూతురు పద్మజా నాయుడు ఇచ్చిన ఇల్లు. మర్నాడు గచ్చిబౌలిలో ఆ విశాలమైన ఆవరణ చూడబోతున్నాం గనక, ఈ ఇంటిని ముందు చూసి వెళ్లడం బాగుంది. ఇంత చిన్న చోటునుంచా అనిపించింది.

సాయంత్రం బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో లామకాన్‌కు వెళ్లాం. 2010లో ఒక పాత ఇంటిని అందరికీ తెరిచి పెట్టిన చోటు. ఆరుబయట బండరాయి, చెట్టు, ఆ మూల క్యాంటీన్. సమోసా, ఇరానీ చాయ్ చేతిలో పట్టుకుని నేలమీద, మెట్లమీద, కుర్చీల్లో, ఎవరికి నచ్చిన చోట వాళ్లు. ఆ రోజు గజళ్లు. అత్తయ్యకు ఉర్దూ ముక్క రాదు. రెండో గజల్‌కు "ఇది మన కల్యాణిలా ఉందే" అంది. పక్కన కూర్చున్న పెద్దాయన "యమన్ అమ్మా, మీ కల్యాణికి చుట్టం" అన్నాడు తెలుగులో. ఇక వాళ్లిద్దరికీ నా అవసరం లేకపోయింది. జేబు తడుముకోకుండా ఒక మంచి సాయంత్రం గడపాలంటే ఈ ఊళ్లో దీన్ని మించిన చోటు నేను చూడలేదు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ముందుగా వెళ్లి కుర్చీ పట్టుకోండి.

అసలు పరీక్ష తర్వాత. తొమ్మిదీ నలభై. ఫోన్లో ఆటో పెడితే మూడు సార్లు ఒప్పుకుని మూడు సార్లు రద్దు చేశారు. నాలుగోవాడు ఫోన్ చేసి, "ఏడికి పోవాలె అమ్మా? లకడీకాపూల్ అయితే మూడొందలు ఇస్తరా?" అన్నాడు. నాలుగు కిలోమీటర్లకు. అత్తయ్య మూసేసిన కొట్టు అరుగుమీద కూర్చుని మోకాలు పట్టుకుంది. చివరికి రోడ్డు మీద పోతున్న ఒక ముసలి ఆటో అన్న ఆపి, మీటరు మీద ఇరవై అడిగి తీసుకొచ్చాడు. గది చేరేసరికి పదిన్నర. అప్పుడు నాకర్థమైంది, గది చూసుకోవాల్సింది చూసే స్థలాల దగ్గర కాదని. ఆ రోజు ఆఖరి పాట వినే చోటుకు దగ్గర ఉండాలి.

కాబట్టి శనివారం మూటాముల్లె సర్దుకుని గచ్చిబౌలికి మారిపోయాం. మెహదీపట్నం వెళ్లి, అక్కడ లింగంపల్లి వైపు 216 బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు జీరో టిక్కెట్టు, 2023 డిసెంబర్ నుంచి. నాలుగు రోజుల్లో మేము ఎక్కిన బస్సులన్నిటికీ కలిపి ఖర్చు సున్నా. ఏసీ బస్సుల్లో ఇది చెల్లదు, ఎక్కేముందు చూసుకోండి. ఆధార్ ఫోన్లో కాకుండా కార్డే దగ్గరుంటే కండక్టరుకూ మనకూ సుఖం.

గచ్చిబౌలి గది యాప్‌లో తీసుకున్నది, 2,600. అద్దాల బిల్డింగు, తలుపుకు తాళం లేదు, నంబర్లు నొక్కాలి. అత్తయ్య "కరెంటు పోతే లోపలే ఉండిపోతామా?" అని అడిగింది. కౌంటర్ దగ్గరున్న కుర్రాడికీ సమాధానం తెలియదు. గది శుభ్రం, మంచం మెత్తన, చుట్టుపక్కల ఎక్కడా ఇడ్లీ లేదు. పొద్దున టిఫినుకు కిలోమీటరు నడవాలి. యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ ఉందిగానీ లోపల మనిషి మాట సాయం ఉండాలి. మా పిల్లకు అది తోచలేదు. మీకెవరైనా తెలిసుంటే ముందే అడిగి చూడండి.

యూనివర్సిటీ గేటు దగ్గర పేరు, ఎవరికోసం వచ్చాం అన్నది రాయించుకుని లోపలికి పంపారు. ఆవరణ రెండువేల ఎకరాలకు పైబడింది. 2025లో పక్కనున్న కంచ గచ్చిబౌలి చెట్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి పేపర్లో చదివే ఉంటారు. గేటు నుంచి నడవడం పెద్దవాళ్లకు కుదరదు. ఆటోను లోపలిదాకా మాట్లాడుకోండి. బండరాళ్లు, తుప్పలు, మధ్యలో కాలేజీ కట్టడాలు. సాయంత్రం అయ్యేసరికి నెమళ్లు మొదలుపెట్టాయి. "షడ్జమం నెమలి నుంచి వచ్చిందంటారు, ఈ నెమలికి శ్రుతి పెట్టె కావాలి" అంది అత్తయ్య. పిల్ల పగలబడి నవ్వింది.

పిల్ల చదివే కళల విభాగం, సరోజినీ నాయుడు స్కూల్‌ది 1988 నాటి పుట్టుక. నృత్యం, రంగస్థలం, చిత్రకళ, కమ్యూనికేషన్ అన్నీ ఒకే గూటి కింద. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఇక్కడే పాఠాలు చెప్పారు. పక్కపక్క గదుల్లో ఒకచోట మృదంగం, ఇంకోచోట సుత్తి శబ్దం. శిల్పం చేసే పిల్లలు బొమ్మను వసారాలోకి లాక్కొస్తుంటే గజ్జెలు కట్టుకున్న పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారు. ప్రదర్శన ఆరున్నరకన్నారు, ఆరున్నరకే మొదలైంది. శాలువాలు లేవు. నట్టువాంగం (తాళాలు వేస్తూ ఆట నడిపించడం), గాత్రం, వయొలిన్, మృదంగం అన్నీ ఎదుటే. ఎక్కడా రికార్డింగు లేదు. మణిపూర్ అమ్మాయొకతె, కేరళ అబ్బాయొకడు తెలుగు పదానికి, అంటే పాటకు, అభినయం పట్టారు. కేరళ అబ్బాయి సత్యభామ అలకకు మెడ తిప్పిన తీరుకి అత్తయ్య నా మోచేయి గిల్లింది. మా పిల్లది చివర్లో తరంగం. ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి పాదాలతో దాన్ని ముందుకు జరుపుతుంటే, పళ్లెం నేలకు రాసుకునే చప్పుడు మృదంగంతో కలుస్తోంది. ఒకచోట పళ్లెం కాస్త వాలింది. సర్దుకుంది. "పడుంటే?" అన్నాను తర్వాత. "పడితే లేచి ఆడాలి అత్తా, అదే నేర్పుతారు" అంది.

అయిపోయాక గది చేరడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆటోకు డెబ్భై.

ముందు రాబోయేవి కూడా పిల్లనే అడిగి రాసుకున్నాను. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినం, ఏప్రిల్ 29 ప్రపంచ నృత్య దినం. ఆ దగ్గర్లో యూనివర్సిటీలోనూ ఊళ్లోనూ ఏదో ఒకటి ఉండితీరుతుందట. సెమిస్టరు చివర్లో రంగస్థలం పిల్లలు తమ నాటకాలు వేస్తారు, చిత్రకళ వాళ్లు ఏడాది పనంతా గోడలకెక్కిస్తారు. విద్యార్థుల సుకూన్ పండగ తేదీలు ఆఖరి నిమిషంలో తెలుస్తాయి కాబట్టి లోపలి మనిషినే నమ్ముకోవాలి. ఉగాదికి రవీంద్రభారతి వైపు కవి సమ్మేళనాలు ఎలాగూ ఉంటాయి. శిల్పారామం యాంఫీథియేటర్‌లో శని, ఆదివారాలు నృత్యాలు పెడతారని చెప్పింది. మాకు సమయం చాలలేదు.

ఆదివారం సామాను సికింద్రాబాద్ స్టేషన్ క్లోక్ రూంలో పడేశాం. లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వస్తే కిటికీ పక్క సీటు దొరికింది, టిక్కెట్టు టీ ఖరీదు. సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. మెట్రోలో గ్రీన్ లైన్ మీద చిక్కడపల్లి స్టేషన్ ఉంది, లిఫ్టుంది, దిగి కాస్త నడిస్తే చాలు. త్యాగరాజ ఆరాధన కార్యక్రమం గనక ఘనరాగ పంచరత్నాలు, అంటే ఆయన ఐదు పెద్ద కీర్తనలు. వేదికమీద పదిహేనుమంది, కింద హాలంతా గొంతు కలిపేవాళ్లే. నాట, గౌళ వరకు అత్తయ్య పెదవులు కదిలించింది. ఆరభిలో గొంతు విప్పింది. శ్రీరాగానికి వచ్చేసరికి పక్కావిడ పుస్తకం ఇవ్వబోతే చేత్తోనే వద్దంది. అక్కడి శ్రోతలు శ్రుతి తప్పితే తల తిప్పి చూస్తారు, జాగ్రత్త. ఎవరూ అత్తయ్య వైపు చూడలేదు.

ఎనిమిదిన్నరకు మళ్లీ మెట్రో, సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగి స్టేషన్‌కు. రాత్రి రైలుకు ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం బల్లమీద కూర్చుని అత్తయ్య అరటిపండు ఒలుస్తూ, "ఏప్రిల్‌లో వస్తే ఆ నంబర్ల తలుపు గది వద్దమ్మా, పిల్లను ఇప్పుడే గెస్ట్‌హౌస్ అడగమను" అంది. అప్పుడే పిల్లకు మెసేజ్ పెట్టాను. "అడుగుతా. అమ్మమ్మ ఆధార్ జిరాక్స్ పంపండి" అని జవాబొచ్చింది.